చెయ్యి తగిలిన చోట

తలుపు పక్కన ఒక కుర్చీ. చేతులు లేనిది, వీపు నిటారుగా ఉన్నది, వంటింట్లో కూరగాయలు తరుక్కోవడానికి లాక్కుని కూర్చునే మామూలు చెక్క కుర్చీ. కింద పరిచిన లినోలియం అరిగిపోయింది. ఎవరూ లేరు. 1947లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, నార్‌ఫోక్ అనే ఊరికి దగ్గరలో ఉన్న ఒక రైతు ఇంట్లో రైట్ మోరిస్ తీసిన ఫొటో ఇది.

మొదటిసారి చూసినప్పుడు పేజీ తిప్పేశాను. కుర్చీలో చూడ్డానికి ఏముంటుంది? రెండు పేజీలు పోయాక మళ్లీ వెనక్కి వచ్చాను. నన్ను లాక్కొచ్చింది కుర్చీ కాదు, నేల. డిజైను ఎక్కడ చెరిగిందో, ఎక్కడ మిగిలిందో చూస్తే ఆ ఇంట్లో మనుషులు ఎటు నుంచి ఎటు నడిచేవారో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి నడిచిన నడక అంతా అక్కడ మ్యాపు గీసినట్టు ఉంది. మా అమ్మమ్మగారి ఇంట్లో వసారా గోడ మీద, కూర్చున్న మనిషి తల ఎత్తులో, ఒక జిడ్డు మరక ఉండేది. తాతయ్య పోయాక మూడుసార్లు సున్నం వేశారు. మూడుసార్లూ పైకి తేలింది. ఆ మరకను ఫొటో తీసి పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. మోరిస్‌కు తోచేది.

తెలుగు పాఠకులకు ఈ పేరు పెద్దగా పరిచయం లేదు. అమెరికాలోనూ ఆయన్ను ముందు నవలాకారుడిగానే ఎరుగుదురు. 'ది ఫీల్డ్ ఆఫ్ విజన్' నవలకు 1957లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. 'ప్లెయిన్స్ సాంగ్'కు 1981లో మళ్లీ వచ్చింది. ఫొటోలు ఆయన గట్టిగా తీసింది పన్నెండు పదమూడేళ్లు మాత్రమే, 1930ల మధ్య నుంచి 1940ల చివరిదాకా. పాడుబడ్డ ఇళ్లనూ, ఊడిపోయిన తలుపులనూ ఫొటో తీసి వాటి వెనక కథ వెతకడం ఇవాళ చాలామందికి సరదా. ఆ పని ఎంత లోతుగా చెయ్యవచ్చో, ఎంత మర్యాదగా చెయ్యవచ్చో తెలుసుకోవాలంటే మాత్రం ఈయన దగ్గరకే వెళ్లాలని నా అభిప్రాయం.

మోరిస్ 1910 జనవరిలో నెబ్రాస్కాలోని సెంట్రల్ సిటీలో పుట్టాడు. పుట్టిన ఆరు రోజులకే తల్లి పోయింది. తండ్రి రైల్వేలో ఉద్యోగం చేశాడు, తర్వాత కోళ్లు, గుడ్ల వ్యాపారం పెట్టాడు, నిలదొక్కుకోలేక ఊళ్లు మారుతూ పోయాడు. పిల్లవాడు కొన్నాళ్లు ఇరుగుపొరుగు ఇళ్లలో, కొన్నాళ్లు ఒమాహాలో, ఆ తర్వాత షికాగోలో పెరిగాడు. సెంట్రల్ సిటీకి మొదట ఉన్న పేరు లోన్ ట్రీ. ప్లాట్ నది దగ్గర బాటసారులకు ఆనవాలుగా నిలిచిన ఒంటి చెట్టు మూలంగా వచ్చిన పేరు. మన దగ్గరా చెట్ల పేరు మీద ఎన్ని ఊళ్లు లేవు! మోరిస్ తన కథల్లో ఊరికి ఆ పాత పేరే వాడుకున్నాడు. తన జ్ఞాపకంలో సరిగా నిలవని ఊరిని, తల్లి తిరిగిన ఇంటిని, కెమెరా పట్టుకుని వెతకడానికి వెళ్లిన మనిషి ఇతను. ఫొటోలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే మంచిది. పాత ఇల్లు అతనికి వింత వస్తువు కాదు, దొరకని సాక్షి.

ఆ ఇళ్లు అక్కడ ఎందుకు కట్టారో, ఎందుకు ఖాళీ అయ్యాయో కొంచెం చెప్పాలి. 1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, దరఖాస్తు పెట్టుకుని, ఇల్లు కట్టి, సాగు చేస్తూ అయిదేళ్లు అక్కడే ఉన్నవాడికి 160 ఎకరాలు దాదాపు ఉచితంగా దక్కేవి. నూట అరవై ఎకరాలంటే మనకు భూస్వామి లెక్క. అయితే రాష్ట్రంలో పడమటికి పోయిన కొద్దీ వాన తగ్గిపోతుంది. నాగలి దున్నితే వాన దానంతట అదే వెంట వస్తుందని అప్పట్లో ప్రచారం కూడా జరిగింది. వాన రాలేదు. ఆ ఎండు నేలలో 160 ఎకరాలు ఒక సంసారాన్ని నిలబెట్టలేవని ప్రభుత్వానికి అర్థమై, 1904లో కింకేడ్ చట్టం తెచ్చి పడమటి నెబ్రాస్కాలో దాన్ని 640 ఎకరాలు చేశారు. మధ్యలో 1890ల కరువు, ఆ తర్వాత మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక పడిపోయిన ధరలు, 1930లలో ఏళ్ల తరబడి అనావృష్టి, దుమ్ము తుపాన్లు. 1930లో 13 లక్షల 78 వేలు ఉన్న నెబ్రాస్కా జనాభా 1940 నాటికి 13 లక్షల 16 వేలకు దిగింది. ట్రాక్టరు వచ్చాక నలుగురి పొలం ఒకడే దున్నగలిగాడు. మిగిలిన ముగ్గురి ఇళ్లు గాలికి వదిలేసినవే.

ఇదే రాష్ట్రంలో మోరిస్‌కు అరవై ఏళ్ల ముందు ఇంకొక ఫొటోగ్రాఫరు తిరిగాడు. పేరు సాలమన్ బుచర్. 1886లో మొదలుపెట్టి, కస్టర్ కౌంటీలో కొత్తగా దిగిన రైతు కుటుంబాలను వాళ్ల ఇళ్ల ముందు నిలబెట్టి తీశాడు. చెట్లు లేని నేల కాబట్టి అప్పటి ఇళ్లు మట్టి ఇళ్లు. వేళ్లతో బిగుసుకుపోయిన గడ్డి నేలను పెళ్లలుగా కోసి, ఇటుకల్లా పేర్చి కట్టినవి. బుచర్ ఫొటోల్లో ఇంటిల్లిపాదీ ఉంటారు: గుర్రాలు, ఆవులు, బల్ల మీద పుచ్చకాయలు, ఒక ఇంటివాళ్లయితే వాయించుకునే ఆర్గాన్‌ను కూడా మోసుకొచ్చి ఆరుబయట పెట్టారు. మట్టి ఇంట్లో ఉంటున్నామని చుట్టాలు జాలిపడకుండా, ఉన్నదంతా చూపించుకున్నారు పాపం. బుచర్ ఫొటో ఒకటి, మోరిస్ ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. ఆ ముంగిట్లో అంతమంది, ఈ ముంగిట్లో ఎవరూ లేరు. ఆ రెండింటి మధ్య జరిగింది చదువుకోవడానికి చరిత్ర పుస్తకం వేరే అక్కర్లేదు.

ఇక పనితనం సంగతి.

మోరిస్ మొదట చిన్న కెమెరాలు వాడినా, పేరు తెచ్చిన పని పెద్ద వ్యూ కెమెరాతో చేశాడు. ముక్కాలి స్టాండు మీద నిలబెట్టి, కమ్మరి తిత్తిలా ముడతలు పడే బెల్లోస్‌ను ముందుకూ వెనక్కూ జరిపి, నెత్తి మీద నల్లగుడ్డ కప్పుకుని, వెనకవైపు గరుకు అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను చూసుకుంటూ ఫ్రేము కట్టాలి. ఒక్కొక్క షాటుకు ఒక్కొక్క ఫిల్ము షీటు. తొందరపడేవాడికి పనికొచ్చే సామాను కాదు. ఇంకో సంగతి ఉంది. మామూలు కెమెరాను పైకెత్తి ఎత్తయిన కట్టడాన్ని తీస్తే గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి, ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. వ్యూ కెమెరాలో డబ్బాను అలాగే నిటారుగా ఉంచి, లెన్సును మాత్రం పైకి జరపవచ్చు. అందుకని మోరిస్ ఇళ్లు తూలవు. వాస్తవంలో ఎంత ఒరిగాయో అంతే ఒరుగుతాయి. పాడుబడ్డ ఇంటిని తీసేవాడికి ఇది చిన్న విషయం కాదు. గోడ ఒంగింది అని ఫొటో చెబితే అది గోడ చేసిన పనే అయ్యుండాలి, లెన్సు చేసింది కాకూడదు.

రెండోది, ఎదురుగా నిలబడటం. చాలామంది పాత ఇంటిని మూలనుంచి తీస్తారు. రెండు గోడలు కనిపిస్తాయి, లోతు వస్తుంది, బొమ్మ అందంగా ఉంటుంది. మోరిస్ ఎక్కువగా ముఖానికి ముఖం నిలబడ్డాడు. ద్వారం మధ్యలో, కిటికీలు అటూ ఇటూ. పెళ్లిచూపులకు తీసిన పాత స్టూడియో ఫొటోలో మనిషిలా ఇల్లు నిలబడి మనవైపు చూస్తుంది. నాకు మొదట్లో ఇది కొంచెం బిగదీసుకున్నట్టు అనిపించింది. తర్వాత అలవాటైంది, అలవాటయ్యాక మూలనుంచి తీసిన ఫొటోలు దొంగచాటుగా తీసినట్టు కనిపించడం మొదలైంది.

మూడోది వెలుతురు. అన్నిటికన్నా గొప్ప నేర్పు ఇక్కడే ఉంది. ఆ మైదానాల్లో ఇళ్ల బయటి గోడలకు పొడుగాటి చెక్కపలకలను ఒకదాని అంచు మీద ఇంకొకటి పడేలా, మన పెంకుల కప్పులా, అడ్డంగా కొడతారు. ఎండ సూటిగా పడితే ఆ గోడ తెల్లకాగితం. ఎండ గోడను రాసుకుంటూ ఏటవాలుగా జారే ఘడియలో మాత్రం ఒక్కొక్క పలక అంచు కింద సన్నటి నీడ గీత పడుతుంది. ఊడిన మేకు, లేచిన పెచ్చు, పగిలిన పలక, తర్వాతెప్పుడో వేసిన అతుకు అన్నీ పైకి తేలతాయి. వేలితో తడిమితే తెలిసేది కంటికి తెలుస్తుంది. ఆ ఘడియ రోజులో ఎంతోసేపు ఉండదు. తూర్పు ముఖం ఇంటికి ఒక వేళ, దక్షిణ ముఖం ఇంటికి ఒక వేళ. మబ్బు పట్టిన రోజున లేనే లేదు.

పశ్చిమ కాన్సాస్‌లో 1940లో తీసిన ధాన్యపు ఎలివేటరు ఫొటో అతని ఫొటోల్లో బాగా పేరు పొందినవాటిలో ఒకటి. ఎలివేటరు అంటే మనుషులు ఎక్కేది కాదు. రైలు పట్టాల పక్కన నిట్టనిలువుగా కట్టిన గోదాం. బండ్ల మీద వచ్చిన గోధుమలను బొక్కెనల గొలుసుతో పైకి ఎత్తి, గాదెల్లో పోసి, అవసరమైనప్పుడు కిందనుంచి రైలు పెట్టెల్లోకి వదులుతారు. ఆ తెల్లటి కట్టడం మీద పైన 'గానో' అని పెద్ద అక్షరాలు. చుట్టూ ఏమీ లేదు. అక్కడి సమతల నేలలో మైళ్ల దూరం నుంచి కనిపించే ఎత్తు అది ఒక్కటే. మన పల్లెకు గుడి గోపురం ఎలాగో ఆ ఊరికి అది అలాగ. మోరిస్ దాన్ని ఆకాశం మీద కత్తిరించి అతికించినట్టు నిలబెట్టాడు. అలంకారం ఒక్కటి లేదు, కట్టినవాడు అందం గురించి ఆలోచించి ఉండడు. గింజ జారాలి, గోడ బరువు మోయాలి, వాన లోపలికి రాకూడదు. ఆ మూడు అవసరాలు కలిసి ఒక ఆకారం తయారుచేశాయి. 'ది ఇన్‌హాబిటెంట్స్' పుస్తకం మొదట్లో మోరిస్ రచయిత థోరో మాటలు పెట్టుకున్నాడు. ఇంటి అందం పైనుంచి పూసేది కాదని, అందులో ఉన్నవాడి అవసరంలోంచి, స్వభావంలోంచి బయటికి పెరిగేదని వాటి సారాంశం. ఎలివేటరు ఫొటోకు అంతకన్నా వ్యాఖ్య అక్కర్లేదు.

కట్టడాల గురించి ఇంకొంచెం. చెట్లు లేని చోట ఇన్ని చెక్క ఇళ్లు ఎలా వచ్చాయంటే, రైలు తెచ్చింది. ఉత్తరాది అడవుల్లో కోసిన కలప మిల్లుల్లో ఒకే కొలతకు తయారై వచ్చేది. రెండంగుళాలు మందం, నాలుగంగుళాలు వెడల్పు ఉన్న కర్రలు దగ్గరదగ్గరగా నిలబెట్టి, మరలో తయారైన మేకులతో కొట్టేస్తే ఇంటి చట్రం లేచిపోతుంది. దూలాలను తొలిచి కుసులు బిగించే పాతకాలపు వడ్రంగం అక్కర్లేదు. ఈ పద్ధతికి బెలూన్ ఫ్రేమ్ అని పేరు. గాలి వస్తే బుడగలా ఎగిరిపోతుందని పాత వడ్రంగులు ఎగతాళి చేయడంవల్ల ఆ పేరు వచ్చిందని అంటారు. ఎగిరిపోలేదు. కానీ తేలిగ్గా లేచిన ఇల్లు తేలిగ్గానే వదిలిపోవడానికీ వీలైంది. వీధి దుకాణాలకైతే ఇంకో హంగు: వెనక ఉన్నది మామూలు ఏటవాలు కప్పు గదే, ముందుగోడ మాత్రం కప్పు కనపడకుండా ఎత్తుగా, పెద్ద మేడలా. సినిమా సెట్టు లాంటి ఈ ముందుగోడలను మోరిస్ చాలా తీశాడు. రేపు పెద్ద పట్నం అవుతుందనుకున్న ఊరు, అవ్వకముందే కట్టుకున్న ముఖాలవి. కాలేదు. ముఖం మిగిలింది.

1940లో మోరిస్ కారు వేసుకుని దేశమంతా తిరగడానికి బయల్దేరాడు. దక్షిణాదిలో ఒక ఊళ్లో పోలీసులు పట్టుకుని కొన్నాళ్లు లోపల కూడా వేశారు. ఉద్యోగం సద్యోగం లేకుండా ఇళ్లూ ఊళ్లూ ఫొటో తీసుకుంటూ తిరిగే కుర్రాడి మీద, యూరపులో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? మరుసటి ఏడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అతని ప్రింట్లు కొన్నది. 1942లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. ఆ డబ్బుతో నెబ్రాస్కా వెళ్లాడు.

అప్పటికే అమెరికా పల్లెల ఫొటోలకు ఒక ముద్ర పడిపోయి ఉంది. ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ తరఫున డొరతియా లాంగ్, వాకర్ ఎవన్స్, ఆర్థర్ రాత్‌స్టీన్ వంటివాళ్లు తీసిన కరువు ఫొటోలను దేశమంతా చూసింది. మోరిస్ ఫొటోలను కూడా జనం ఆ గాటనే కట్టారు. అతనికి అది నచ్చలేదు. వాళ్లది పేదరికాన్ని లోకానికి చూపించి సాయం రాబట్టే పని, గొప్ప పనే. మోరిస్‌ది ఆ పని కాదు. చిరిగిన చొక్కాలో ఎవన్స్‌కు ఆర్థిక స్థితి కనిపిస్తే, మోరిస్‌కు ఆ చొక్కా ఎన్ని వేసవులు చూసిందో కనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే చెప్పలేను. ఒక్క తేడా మాత్రం చెప్పగలను. జేమ్స్ ఏజీ రాతతో వచ్చిన ఎవన్స్ పుస్తకంలో, 1941లో, ఫొటోలన్నీ ముందు ఒక కట్టగా ఉంటాయి, మాటలు తర్వాత వస్తాయి. రెండూ ఒకదానినొకటి ముట్టుకోవు. మోరిస్ ఫొటోనూ మాటనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడు.

ఇది చెప్పినంత తేలిక కాదు. పాత ఇంటి ఫొటో కింద "ఇది ఫలానావాళ్ల ఇల్లు, ఫలానా ఏట కట్టారు" అని రాస్తే ఫొటో చచ్చిపోతుంది. కళ్లు చదవడం మానేసి చెవులు వినడం మొదలుపెడతాయి. 1946లో స్క్రిబ్నర్స్ వేసిన 'ది ఇన్‌హాబిటెంట్స్'లో ప్రతి ఫొటోకు ఎదురుపేజీలో కొద్దిపాటి వచనం ఉంటుంది. తెలుగులో ఆ పేరును 'కాపురమున్నవాళ్లు' అనవచ్చు. ఆ వచనం ఫొటోను వివరించదు. ఎవరో ఒకరి గొంతు: ఒక పల్లెటూరి మనిషి సగంలో ఎత్తుకున్న మాట, ఎవరి మీదో చెప్పుకున్న కబురు, ఒక గొణుగుడు. ఎదురుగా తలుపు వేసిన ఇల్లు. ఆ గొంతు ఆ ఇంట్లోంచి వచ్చిందా? మోరిస్ చెప్పడు. మన మనసే ఆ రెండింటినీ ముడివేస్తుంది, ఒక్కోసారి తప్పుగా. అన్ని పేజీల్లోనూ ఇది కుదిరిందని నేననను. కొన్ని గొంతులు మరీ ముద్దుగా, పల్లెటూరి యాసను ప్రదర్శనకు పెట్టినట్టు ఉన్నాయి. అలాంటి చోట నేను ఎడమ పేజీ మీద చెయ్యి పెట్టి కుడి పేజీ చూస్తాను.

మనుషులు లేకపోవడం గురించి మోరిస్ స్వయంగా చెప్పుకున్నాడు. మనిషి ఫ్రేములో లేనప్పుడు అతను వాడిన వస్తువుల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తాడన్నది అతని వాదన. వాదనగా ఇది ఇవాళ పాతబడింది, ప్రతి ఎగ్జిబిషను గోడ మీదా వినిపిస్తుంది. కానీ ఆ మాట వెనక ఒక సంకోచం ఉంది, అది నాకు నచ్చింది. మనిషి ముఖం తీసుకోవడం అంటే అతని దగ్గర ఏదో లాక్కోవడమనే బెరుకు. ఆ బెరుకు అసలు పరీక్షకు నిలబడింది 1947లో.

ఆ ఏడు మోరిస్, రెండో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ మీద, నార్‌ఫోక్ దగ్గర అంకుల్ హ్యారీ, ఆంట్ క్లారాల పొలానికి వెళ్లాడు. అంకుల్ అంటే బాబాయో, మామయ్యో, పెదనాన్నో ఇంగ్లీషు వాడు చెప్పడు. తేల్చుకోవడం మన బాధ. ఇద్దరూ వృద్ధులు. ఆ ఇంట్లో తీసినవే కుర్చీ ఫొటో, చాకులు చెంచాలు ఉన్న వంటింటి సొరుగు ఫొటో, కోలగా ఉన్న అద్దంలో గది కనిపించే ఫొటో, మంచం కింద రాత్రిపూట వాడుకునే కుండ కనిపించే పడకగది ఫొటో. ఇక్కడే చాలామంది పొరపడతారు, నేనూ పొరపడ్డాను. ఇవి వదిలేసిన ఇంటి ఫొటోలు కావు. ఆ సొరుగులోని చెంచాతోనే ఆ మధ్యాహ్నం ఎవరో పులుసు తిని ఉంటారు. మనిషిని పక్కకు తప్పుకోమని అతను ఆ నిమిషాన్ని ఖాళీ చేశాడు. ఇల్లు ఖాళీ అవ్వడానికి ఇంకా టైముంది. ఆ తర్వాత వచ్చేదాన్ని ముందే చూసినట్టు తీశాడు.

నిజంగా మనిషి పోయిన ఇల్లు ఇంకొకటి, ఎడ్ అనే ఒంటరి ముసలాయనది. 1948లో వచ్చిన 'ది హోమ్ ప్లేస్' నవలకు గుండెకాయ అదే. కథ ఒక్కరోజుది. యుద్ధం అయ్యాక న్యూయార్క్‌లో ఇళ్లు దొరకని రోజులు. క్లైడ్ మన్సీ అనే రచయిత పెళ్లాం పిల్లలతో సొంత ఊరికి వస్తాడు. ఎడ్ ఇల్లు దొరుకుతుందేమోనని ఆశ. భార్యాభర్తలిద్దరూ ఆ ఇంటిని చూడటానికి లోపలికి వెళతారు. ప్రతి పేజీ ఎదురుగానూ ఒక ఫొటో ఉంది. గదులు, మంచం, వస్తువులు. చూసేకొద్దీ వాళ్లకు తెలిసివచ్చేది ఏమిటంటే, ఇల్లు ఖాళీగా లేదు. ఎడ్ ఉన్నాడు. ఆ మంచం మీద ఇంకొకరు పడుకోలేరు. ఇద్దరూ బయటికి వచ్చేస్తారు.

ఇంటి కొలతలు చూసుకోవడానికి వచ్చినవాళ్లు ఆ ఇంటిని చదివేసి, చదివాక అందులో ఉండలేకపోవడం. చచ్చినవాడి ఇంట్లోకి కెమెరాతో వెళ్లేవాళ్లందరికీ తెలిసిన ఇబ్బంది ఇది. కాని ఎక్కువమంది దాన్ని ఫొటోలో దాచేస్తారు. సొరుగులు లాగి, ఉత్తరాలు పరిచి, బొమ్మను కిటికీ పక్కన పెట్టి వెలుతురు పడేలా చూసుకుంటారు. మోరిస్ ఆ ఇబ్బందినే కథ చేశాడు. తన బెరుకును క్లైడ్‌కు ఇచ్చాడు, తన కళ్లను ఎదురుపేజీకి ఇచ్చాడు.

పుస్తకంగా మాత్రం 'ది హోమ్ ప్లేస్' దెబ్బతింది. నవల సైజులో వేయడానికి ఫొటోలను పేజీ అంచులదాకా సాగదీసి, చుట్టూ కత్తిరించారు. అంత ఓపికగా ఎంచుకున్న అంచులు పోయాయి. మోరిస్ ఫొటోలో అంచు అంటే తలుపు చట్రం లాంటిది. అది పోతే తలుపు గాల్లో వేలాడుతుంది. పుస్తకం అమ్ముడుపోలేదు. నవల చదివేవాడికి బొమ్మలు అడ్డం, బొమ్మలు చూసేవాడికి నవల అడ్డం. తర్వాతి పుస్తకం 'ది వరల్డ్ ఇన్ ది అటిక్' కూడా ఫొటోలతోనే రావాల్సింది, 1949లో మాటలతో మాత్రమే వచ్చింది. ఆ తర్వాత మోరిస్ కెమెరా దాదాపు పక్కన పెట్టేసి నవలలు రాసుకున్నాడు. అవార్డులు రావడం అప్పుడు మొదలైంది. ఇందులో ఏదో అన్యాయం ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అయితే ఆ నవలల్లోనూ గదులు వర్ణించే తీరు చూస్తే, నల్లగుడ్డ నెత్తి మీద నుంచి ఆయన ఎన్నడూ తియ్యలేదనిపిస్తుంది.

ఇరవై ఏళ్ల తర్వాత, 1968లో, 'గాడ్స్ కంట్రీ అండ్ మై పీపుల్' అనే పుస్తకం వచ్చింది. పాత ఫొటోలే చాలా ఉన్నాయి. ఎదురుపేజీల్లో మాటలు మాత్రం కొత్తవి. 'ది ఇన్‌హాబిటెంట్స్'లో గొణిగిన గొంతులు పోయి, దాదాపు అరవైకి చేరిన మనిషి తన చిన్నతనాన్ని తలుచుకునే గొంతు వచ్చింది. అదే ఇల్లు, అదే ఎండ, అదే నీడ గీతలు, ఇంకో కథ. ఫొటో అబద్ధం చెప్పదంటారు. ఇక్కడ అది రెండు వేరువేరు సంగతులకు అంతే నిబ్బరంగా సాక్ష్యం ఇచ్చింది. పాత ఇంటి ఫొటో తీసుకొచ్చి దాని చరిత్ర తెలుసుకున్నానని మురిసిపోయేవాళ్ల ముందు ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పరిచి పెట్టాలని నాకు సరదా.

ఫొటోల పేర్లు కూడా గమనించాలి. వస్తువు, చోటు, సంవత్సరం, అంతే. "వంటింటి సొరుగు, హోమ్ ప్లేస్, 1947" అన్నట్టుగా. పంచాయతీ ఆఫీసు రిజిస్టరులో ఎక్కించినట్టు ఉంటాయి. జాలి ఎక్కడా లేదు. మంచం కింది కుండను కూడా పేరులోనే చెప్పేశాడు. దాచిపెట్టి మనం కనిపెట్టాక నవ్వుకునేలా చెయ్యలేదు. క్లారా పెద్దావిడకు తన ఇంట్లో ఇలాంటివి ఫొటో తీస్తుంటే ఎంత ఇబ్బందిగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. చుట్టం కుర్రాడు పట్నం నుంచి వచ్చి ముందుగదిలో పెట్టిన మంచి సామాను వదిలేసి మంచం కింద కుండకు గురిపెడితే మన ఇళ్లలో అయితే ఏమనేవారో!

సెంట్రల్ సిటీలో మోరిస్ చిన్నప్పుడు ఉన్న ఇంటిని ఊరివాళ్లు భద్రంగా నిలిపి ఉంచారు. దేశపు చారిత్రక స్థలాల జాబితాలో కూడా చేరింది. నెగెటివ్‌లూ ప్రింట్లూ ఆరిజోనాలో, టూసాన్‌లోని సెంటర్ ఫర్ క్రియేటివ్ ఫొటోగ్రఫీలో ఉన్నాయి. ఆయన 1998లో కాలిఫోర్నియాలో పోయాడు.

నేను పదేపదే తిరిగివెళ్లే ఫొటో ఒకటి మిగిలింది. అందులో మాత్రం మనిషి ఉన్నాడు. హ్యారీ పెద్దాయన, 1947. పనిబట్టలు, నెత్తి మీద టోపీ. కొట్టం తలుపు తెరిచి ఉంది, లోపల చీకటి. ఆయన లోపలికి వెళుతున్నాడు, వీపు మనవైపు. బయట ఎండలో గోడ పలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. ముఖం లేదు. ఆ బట్ట ఒంటికి ఎలా అలవాటు పడిందో, ఆ భుజాలు ఎలా జారాయో, తలుపు దాటేటప్పుడు తలను ఏపాటి వంచాలో చూసుకోకుండానే ఎలా తెలుసో, అదంతా ఉంది. ఆ ద్వారం ఆయన కొలతకు అరిగింది, ఆయన ఆ ద్వారం కొలతకు ఒంగాడు. షట్టరు పడేసరికి సగం చీకట్లో ఉన్నాడు.